చిత్తు అట్ట నుండి చిత్తరువు దాకా

లోకంలో కొన్ని వస్తువులు దాచుకొనడానికే పుడతవి. బంగారు నగ, ఆస్తి దస్తావేజు, తామ్రశాసనం ఇటువంటివి. మరికొన్ని పారవేయడానికే పుడతవి. అగ్గిపెట్టె మీది బొమ్మ, మిఠాయికి చుట్టిన రంగు కాగితం, బస్సు టిక్కెట్టు ఈ తరగతిలోనివి. ఐతే మొదటి తరగతిలోని వస్తువులు ఎన్నో కాలగర్భంలో కలిసిపోగా, రెండవ తరగతిలోనివి కొన్ని, ఎవరో ఒకరు శ్రద్ధతో దాచినందువల్ల, నూరేళ్ళు దాటి నిలిచినవి. అటువంటి వాటిలో మిక్కిలి ప్రసిద్ధి పొందినది అమెరికా దేశపు బేస్‌బాల్ కార్డు.

ఈ కార్డు ఎట్లా పుట్టినదో, దాని విలువ ఎట్లా పెరిగి ఎట్లా పడిపోయినదో, కళాకారులు దానిని కత్తిరించి అతికి చిత్రాలుగా ఎట్లా మలుస్తున్నారో ఈ ప్రసంగంలో వివరించదలచాను. ఇందులో ఒక చిక్కు ప్రశ్న కూడా ఉన్నది. తాతగారు ఏళ్ళ తరబడి ఏరి కూర్చిన అట్టముక్కల పెట్టె మనుమల చేతికి వచ్చినప్పుడు దానిని అమ్మడమా, అట్లే ఉంచడమా, లేక కత్తెర పట్టి దాని రూపమే మార్చడమా? అమెరికాలో ఈనాడు ఎన్నో ఇళ్ళకు ఇది నిజంగా ఎదురవుతున్న ప్రశ్న. వస్తువు ఏదైనా, దాచే అలవాటున్న ప్రతి ఇంటికీ ఏదో ఒకనాడు ఎదురయ్యే ప్రశ్న కూడా ఇదే.

మనకు క్రికెట్ ఎటువంటిదో అమెరికావారికి బేస్‌బాల్ అటువంటిది. ఒకడు బంతి విసరగా మరొకడు కర్రతో కొట్టి, నాలుగు స్థావరాలను చుట్టివచ్చి పరుగు సంపాదించడం స్థూలంగా ఆ ఆట స్వరూపం. బేస్‌బాల్ కార్డు అనగా ఆ ఆటగాని బొమ్మను అచ్చువేసిన చిన్న అట్టముక్క. ముందువైపు బొమ్మ, పేరు, జట్టు పేరు ఉంటవి. వెనుకవైపు అతడు పుట్టిన ఊరు, ఎత్తు, బరువు, ఏ సంవత్సరం ఎట్లా ఆడినాడో తెలిపే అంకెలు ఉంటవి. తొలి రోజులలో ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క కొలతతో వేసేది. 1957 నుండి రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు అనే కొలత స్థిరపడినది. సుమారుగా మన పేకముక్క అంత అనుకోవచ్చు.

ఈ కార్డులు మొదట వ్యాపార ప్రకటనలుగా వెలువడినవి. 1869 ప్రాంతంలో న్యూయార్కులోని పెక్ అండ్ స్నైడర్ అనే ఆటవస్తువుల దుకాణంవారు సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్ జట్టు ఛాయాచిత్రాన్ని ఒక అట్టకు ఒకవైపు అంటించి, రెండవవైపు తమ సరుకుల ప్రకటన వేసి పంచిపెట్టారు. ఆటగాళ్ళందరికీ బాహాటంగా జీతాలిచ్చి నడిపిన మొదటి బేస్‌బాల్ జట్టు అదే. ఆటవస్తువులు కొనడానికి వచ్చినవారికి ఆ బొమ్మ ఉచితంగా దొరికిన చిరు కానుక.

తరువాత ఇరవై ఏళ్ళలో కార్డు పొగాకు కంపెనీల చేతికి వచ్చినది. ఆనాటి సిగరెట్టు పెట్టె పలుచని కాగితంతో చేసినది. జేబులో పెట్టుకుంటే లోపలి సిగరెట్లు నలిగిపోయేవి. వాటికి దన్నుగా ఒక అట్టముక్కను పెట్టవలసి వచ్చినది. అట్ట ఎట్లాగూ పెడుతున్నాము కదా, దానిమీద బొమ్మ వేస్తే కొనేవారికి సరదాగా ఉంటుంది గదా అన్న ఆలోచన పుట్టినది. న్యూయార్కులోని గుడ్విన్ కంపెనీవారు 1886 నుండి 1890 వరకు తమ ఓల్డ్ జడ్జ్ సిగరెట్లతో ఆటగాళ్ళ చిన్న ఛాయాచిత్రాలను ఇచ్చారు. ఆ రోజులలో కెమెరా కదిలే వస్తువును స్పష్టంగా పట్టలేదు. అందుచేత స్టూడియోలో బంతిని దారంతో వ్రేలాడదీసి, ఆటగాడు దానిని కొట్టబోతున్నట్లుగానో పట్టబోతున్నట్లుగానో నిలుచుంటే బొమ్మ తీసేవారు. పరిశీలించి చూస్తే కొన్ని కార్డులలో ఆ దారం నేటికీ కనబడుతుంది.

1887లో రిచ్‌మండ్ నగరంలోని అలెన్ అండ్ గింటర్ కంపెనీవారు ప్రపంచ విజేతలు అనే పేర యాభై రంగుల కార్డుల వరుస వెలువరించారు. అందులో పదిమంది బేస్‌బాల్ ఆటగాళ్ళు. మిగిలినవారు మల్లులు, ముష్టియోధులు, పడవ పందెగాళ్ళు, తుపాకి గురికాండ్రు మొదలైనవారు. వ్యాపార రహస్యం ఆ వరుసలోనే ఉన్నది. ఒక్క బొమ్మ ఇస్తే పుచ్చుకున్నవాడు చూసి మరచిపోతాడు. యాభైలో ఒకటి అని చెప్పి ఇస్తే మిగిలిన నలభై తొమ్మిదింటి కోసం మళ్ళీ మళ్ళీ అదే సరుకు కొంటాడు. మనిషికి పూర్తికాని వస్తువును పూర్తి చేయాలన్న తపన సహజంగా ఉంటుంది. పొగాకు వర్తకులు ఆ తపనను కనిపెట్టి సొమ్ము చేసుకున్నారు.

1890లో జేమ్స్ డ్యూక్ అనే వర్తకుడు ప్రధాన సిగరెట్టు కంపెనీలను కలిపి అమెరికన్ టొబాకో కంపెనీ స్థాపించాడు. పోటీ తగ్గిన తరువాత కార్డుల అవసరం కూడా తగ్గినది. మళ్ళీ 1909 నుండి 1911 వరకు ఆ కంపెనీయే ఒక పెద్ద వరుసను వెలువరించినది. దానినే సేకర్తలు ఈనాడు టి 206 అని పిలుస్తారు. అందులో 520కి పైగా కార్డులున్నవి. వీటిని లితో పద్ధతిలో, అనగా రంగు రంగుకు వేరొక అచ్చు కూర్చుకొని ఒకదానిపై ఒకటి అద్దే విధానంలో, ముద్రించారు. మన ఇళ్ళలో గోడలకెక్కిన రవివర్మ లక్ష్మీ సరస్వతుల పటాలకు ఆధారమైన విద్య కూడా ఇదే. ఆయన ముద్రణాలయం 1894లో బొంబాయిలో ఆరంభమైనది. సముద్రానికి ఆవల ఆటగాళ్ళనూ, ఈవల దేవతలనూ సామాన్యుని ఇంటికి చేర్చినది ఒకే అచ్చు పద్ధతి.

టి 206 వరుసలో పిట్స్‌బర్గ్ జట్టువాడైన హోనస్ వాగ్నర్ కార్డు ఒకటి ఉన్నది. తన బొమ్మను వాడడానికి ఆయన ఒప్పుకోకపోవడంతో దాని ముద్రణ మధ్యలోనే ఆగిపోయినది. పిల్లలు తన బొమ్మ కోసం సిగరెట్లు కొనడం ఇష్టంలేక కాదన్నాడని కొందరు, తగిన ప్రతిఫలం ముట్టక కాదన్నాడని మరికొందరు చెబుతారు. కారణం ఏదైనా, ఈనాడు లోకంలో మిగిలిన వాగ్నర్ కార్డులు యాభై అరవైకి మించవు. 2022లో వాటిలో ఒకటి 72 లక్షల 50 వేల డాలర్లకు చేతులు మారినది.

కాలక్రమాన కార్డు పొగాకును వదలి పిల్లల మిఠాయిలనూ, చూయింగ్ గమ్మునూ ఆశ్రయించినది. 1933లో బాస్టన్ నగరంలోని గౌడీ గమ్ కంపెనీవారు 240 కార్డుల వరుస ప్రకటించారు. కాని 106వ సంఖ్య గల కార్డు ఆ ఏడు ఎవరికీ దొరకలేదు. దొరకనిదాని కోసం పిల్లలు గమ్ము కొంటూనే ఉండాలని కంపెనీవారు దానిని కావాలని అచ్చువేయలేదని అంటారు. కొందరు పట్టువదలక ఉత్తరాలు వ్రాయగా, మరుసటి ఏడు నాప్ లాజోయ్ అనే పాత ఆటగాని బొమ్మతో ఆ కార్డును అచ్చువేసి, ఉత్తరానికి గుండుసూదివంటి తీగ క్లిప్పుతో తగిలించి పంపించారు. అందుచేత నేడు మిగిలిన ఆ కార్డులలో కొన్నింటిమీద క్లిప్పు గుర్తు కనిపిస్తుంది. అడిగినవారికి మాత్రమే దొరికినందున అదీ అరుదైన కార్డుల జాబితాలో చేరినది.

ఆధునికమైన బేస్‌బాల్ కార్డు రూపాన్ని తీర్చినవాడు బ్రూక్లిన్‌లోని టాప్స్ కంపెనీ ఉద్యోగి సై బెర్గర్. 1951 చివరిలో ఆయన, వుడీ గెల్మన్ అనే సహోద్యోగి కలిసి బెర్గర్ ఇంటి వంటగది బల్లమీద కత్తెరతో అట్టముక్కలు కత్తిరించి, బొమ్మ ఇక్కడ, సంతకం ఇక్కడ, జట్టు చిహ్నం ఇక్కడ అని కూర్చి చూసుకున్నారు. 1952లో వెలువడిన 407 కార్డుల వరుస ఆ విధంగా పుట్టినది. అందులో చివరి విడత వేసవి దాటిన తరువాత బజారుకు వచ్చినది. అప్పటికి పిల్లల దృష్టి వేరొక ఆటమీదికి పోయినందువల్ల సరుకు మిగిలిపోయినది. ఏళ్ళ తరబడి గిడ్డంగిలో పడి ఉన్న ఆ పెట్టెలను 1960లో చెత్త మోసే పడవకెక్కించి, న్యూజెర్సీ తీరానికి దూరంగా అట్లాంటిక్ సముద్రంలో పారబోయించానని బెర్గర్ స్వయంగా చెప్పేవాడు. అట్లా మునిగిపోయిన విడతలోనే 311వ సంఖ్యతో మిక్కీ మాంటిల్ అనే యువకుని కార్డు ఉన్నది. మునగకుండా మిగిలిన మాంటిల్ కార్డులలో మిక్కిలి శుభ్రమైనదొకటి 1991లో 50 వేల డాలర్లకు అమ్ముడయి, 2022 ఆగస్టులో వేలంలో ఒక కోటి 26 లక్షల డాలర్లు పలికినది.

ఇంత వెల ఎందువల్ల వచ్చినదో ఆలోచించాలి. ఆ అట్టలో బంగారం లేదు. అదే సంవత్సరం అదే అచ్చులో దిగిన కార్డులను పిల్లలు సైకిలు చక్రపు ఊచలకు తగిలించి టపటప చప్పుడు చేసుకున్నారు. పిల్లలు చదువులకు, సైన్యానికి వెళ్ళిన తరువాత తల్లులు ఇల్లు సర్దుతూ ఆ డబ్బాలను బయట పారవేశారు. కంపెనీవారు సముద్రంలో పోశారు. పదిమందీ పారవేసినందువల్లనే ఒకడు దాచినదానికి వెల వచ్చినది.

ఈ సంగతిని సరిగా అర్థం చేసుకోనివారు 1980 తరువాత పెద్ద పొరపాటు చేశారు. పాత కార్డులకు వేలంలో వచ్చిన ధరలు పత్రికలలో చదివి, కొత్త కార్డులను పెట్టెలకు పెట్టెలు కొని అటకలెక్కించారు. పిల్లల చదువుకు, ముసలితనానికి అక్కరకు వస్తవని నమ్మారు. 1980 వరకు చేతిలో ఏకాధిపత్యం ఉన్న టాప్స్ కంపెనీకి న్యాయస్థానం తీర్పు వల్ల 1981లో ఫ్లీర్, డాన్‌రస్ అనే పోటీదారులు వచ్చారు. 1988లో స్కోర్, 1989లో అప్పర్ డెక్ తోడైనవి. టాప్స్ వరుస ఒక్కటే ఏటా 792 కార్డులు. అచ్చుయంత్రాలు విరామం లేకుండా తిరిగినవి. ఎవరూ ఒక్కటి కూడా పారవేయలేదు. అందరూ దాచినందువల్ల ఏదీ అరుదు కాలేదు. 1994లో ఆటగాళ్ళ సమ్మె వల్ల ఆ ఏటి వరల్డ్ సిరీస్ పోటీలే రద్దయినవి. బజారు చల్లబడిపోయినది. ఆ కార్డులు మైనపు కాగితపు పొట్లాలలో వచ్చేవి కనుక ఆ కాలానికి జంక్ వాక్స్ అని, అనగా చెత్త మైనపు కాలమని, పేరు స్థిరపడినది. ఆ కాలపు సాధారణ కార్డును ఈనాడు అమ్మబోతే కవరు ఖర్చు కూడా రాదు.

ఇక్కడ సేకరణకు అసలైన విలువ ఏమిటి అన్న ప్రశ్న వస్తుంది. దీనికి జెఫర్సన్ బర్డిక్ అనే ఆయన జీవితమే చక్కని సమాధానం. బర్డిక్ 1900లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక చిన్న ఊరిలో జన్మించాడు. సిరక్యూస్ నగరంలో విద్యుత్ పరికరాల కర్మాగారంలో విడిభాగాలు కూర్చే పని చేసి పొట్టపోసుకున్నాడు. పెళ్ళి చేసుకోలేదు. కీళ్ళవాతంతో వేళ్ళు వంకరపోయి నానా బాధ పడ్డాడు. ఐనా అమెరికాలో అచ్చయిన చిల్లర బొమ్మలన్నిటినీ, అనగా సిగరెట్టు కార్డులు, మిఠాయి కార్డులు, ప్రకటన కార్డులు, పోస్టుకార్డులు, శుభాకాంక్ష పత్రాలు మొదలైనవాటిని, ఓపికతో సేకరించాడు. అంతకంటె ముఖ్యమైనది, వాటికి ఒక క్రమం కల్పించాడు. పందొమ్మిదవ శతాబ్దపు పొగాకు కార్డులకు ఎన్ అనే అక్షరం, ఇరవయ్యవ శతాబ్దపు పొగాకు కార్డులకు టి అనే అక్షరం, ఇటీవలి మిఠాయి, గమ్ము కార్డులకు ఆర్ అనే అక్షరం పెట్టి, ఒక్కొక్క వరుసకు సంఖ్య ఇచ్చాడు. 1939లో ఈ సూచీని ప్రకటించాడు. తరువాతి కూర్పులలో అది అమెరికన్ కార్డ్ కేటలాగ్ అనే పేర ప్రసిద్ధమైనది. పైన చెప్పిన టి 206 అన్న పేరు ఆయన పెట్టినదే. కోట్ల డాలర్ల వ్యాపారం నేటికీ ఆ కార్మికుడు పెట్టిన సంఖ్యలమీదనే నడుస్తున్నది.

బర్డిక్ తన సేకరణను అమ్ముకోలేదు. 1947 నుండి కొంచెం కొంచెంగా న్యూయార్కులోని మెట్రోపాలిటన్ కళా ప్రదర్శనశాలకు ఉచితంగా ఇచ్చివేశాడు. మొత్తం మూడు లక్షలకు పైబడిన వస్తువులు. అందులో బేస్‌బాల్ కార్డులే ముప్పైవేలకు మించినవి. వాగ్నర్ కార్డు కూడా వాటిలో ఉన్నది. చివరి సంవత్సరాలలో ఆయన ఆ ప్రదర్శనశాలకే వచ్చి, ఒక బల్లముందు కూర్చుండి, కార్డులను వరుస ప్రకారం ఆల్బములలో తన చేతులతోనే అతికించాడు. రోగం ముదురుతున్నది, పని ముగుస్తుందో లేదో అన్న తొందర ఆయనకు ఉండేది. 1963 జనవరి 10వ తేదీ సాయంత్రం చివరి కార్డు అతికించి, ఇక తాను తిరిగి రానని చెప్పి సెలవు తీసుకున్నాడు. మరునాడు ఆసుపత్రిలో చేరి, మార్చి 13న కన్నుమూశాడు. జిగురు పెట్టి అతికిస్తే కార్డు వెల పడిపోతుందని నేటి వర్తకులు గగ్గోలు పెడతారు. బర్డిక్‌కు వెలతో పనిలేదు. ఒక కాలపు ప్రజల అభిరుచి ఒక్కచోట, ఒక క్రమంలో, అందరికీ కనబడేటట్లు ఉండాలన్నదే ఆయన కోరిక. ఈనాటికీ ఆ ప్రదర్శనశాలవారు ఆ కార్డులను కొన్ని కొన్నిగా మార్చి మార్చి ప్రదర్శిస్తున్నారు.

ఒక క్రమంలో పెట్టిన సేకరణ మరొక మేలు కూడా చేస్తుంది. ఉన్నదానితోపాటు లేనిదానిని కూడా అది చూపుతుంది. 1947లో జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ జట్టులో అడుగుపెట్టేవరకు నల్లజాతి ఆటగాళ్ళను పెద్ద లీగులలోకి రానీయలేదు. వారు నీగ్రో లీగులని పిలువబడిన వేరు పోటీలలో ఆడవలసి వచ్చినది. పొగాకు, గమ్ము కంపెనీల వరుసలలో వారి బొమ్మలకు చోటు దొరకలేదు. జాష్ గిబ్సన్ అనే మహా ఆటగాడు 1947లో మరణించేవరకు ఒక్క అమెరికన్ గమ్ము కార్డుకూ నోచుకోలేదు. 2020లో పెద్ద లీగుల అధికారులు ఆ పోటీలకు సమాన స్థాయి ఉన్నదని అంగీకరించి, 2024లో వాటి అంకెలను తమ లెక్కలలో చేర్చగా, బంతి కొట్టడంలో జీవితకాలపు సగటులో గిబ్సన్ అందరికంటె మొదటి స్థానంలో నిలిచాడు. పాత ఆల్బములను వరుసగా తిరగవేసినవారికి ఆ ఖాళీ కొట్టవచ్చినట్లు కనబడుతుంది. విడి కార్డుగా అమ్ముడయ్యేచోట ఆ ఖాళీ ఎవరికీ తెలియదు.

ఇక కత్తెర సంగతికి వద్దాము. కార్డు వెల దాని అంచులమీద, మూలలమీద ఆధారపడి ఉంటుంది. 1991 నుండి ఒక సంస్థవారు కార్డులను పరీక్షించి ఒకటి నుండి పది వరకు అంకెలు వేసి, పారదర్శకమైన గట్టి పెట్టెలో బిగించి ఇస్తున్నారు. వారు మొదట పరీక్షించినది ఒక వాగ్నర్ కార్డు. దానికి ఎనిమిది అంకె వేశారు. నూరేళ్ళకు చేరువైన ఆ అట్టకు అంచులు అంత చక్కగా ఎట్లా నిలిచినవని పలువురు ఆశ్చర్యపడ్డారు. 2013లో, ఆ కార్డును ఒకప్పుడు అమ్మిన వేలం వ్యాపారి, దాని అంచులను తానే కత్తిరించినట్లు న్యాయస్థానంలో అంగీకరించాడు. అది కత్తెరతో చేసిన మోసం. కాగా అదే కత్తెరతో, ఇది కత్తిరించినదే అని అందరికీ చెప్పి, పదిమందికి కన్నుల పండువగా ఒక కొత్త వస్తువు చేసేవారున్నారు. వారు కళాకారులు.

కాగితం ముక్కలను అతికి చిత్రం చేసే పద్ధతికి కొలాజ్ అని పేరు. ఫ్రెంచి భాషలో ఆ మాటకు జిగురుతో అతకడం అని అర్థం. 1912లో పికాసో, బ్రాక్ అనే చిత్రకారులు దీనికి ఆధునిక చిత్రకళలో గౌరవం కలిగించారు. జర్మనీలో కుర్ట్ ష్విట్టర్స్ ట్రాము టిక్కెట్లు, పొట్లాల కాగితాలు వీధిలో ఏరి తెచ్చి చిత్రాలు కూర్చాడు. ఈ భావన మన ఇళ్ళకు కొత్తది కాదు. రవివర్మ పటాలను కొని, ఆ దేవతల చీరలమీద పట్టుగుడ్డ ముక్కలు, జరీ, చమ్కీ అతికి అలంకరించి అద్దం కట్టించడం దక్షిణ దేశపు గృహిణులకు అలవాటైన పనే. అచ్చులో వేలకొద్దీ వచ్చిన బొమ్మ ఆ ఇల్లాలి చేతిపని వల్ల ఆ ఇంటికే చెందిన పటమైనది.

బేస్‌బాల్ కార్డు కూడా అనేక విధాల కళకు వస్తువైనది. 1975లో మైక్ మాండెల్ అనే ఛాయాచిత్రకారుడు 134 మంది తోటి ఛాయాచిత్రకారులచేత టోపీలు పెట్టించి, చేతికి ఆట తొడుగులు ఇచ్చి, బేస్‌బాల్ కార్డుల వరుసగా అచ్చువేశాడు. కొండల చిత్రాలకు జగత్ప్రసిద్ధుడైన ఆన్సెల్ ఆడమ్స్ కూడా అందులో ఉన్నాడు. కళాకారులను కూడా గమ్ము బొమ్మలవలె సరుకులుగా కొనడం మొదలైనదన్న చురక ఆ హాస్యంలో ఉన్నది. 1985లో సిన్సినాటి కళా ప్రదర్శనశాలవారి కోరికపై ఆండీ వార్హోల్, పీట్ రోజ్ అనే ఆటగాని చిత్రాన్ని పెద్ద బేస్‌బాల్ కార్డు రూపంలోనే చేశాడు.

ఇప్పుడు విరివిగా కనబడుతున్నది మూడవ విధం. చెత్త మైనపు కాలపు కార్డులను చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి, ఆ ముక్కలనే రంగులుగా వాడి, పెద్ద చిత్రం కూర్చడం. చాలామంది కూర్చేది ఏమిటంటే, తమకు ఎన్నడూ అందని వాగ్నర్ కార్డునో, మాంటిల్ కార్డునో గోడంత పెద్దదిగా కూర్చుకుంటారు. ఎవరికీ అక్కరలేని వెయ్యి కార్డులు కలిసి అందరూ కోరే ఒక్క కార్డుగా మారడం చూచేవారికి ఒక చమత్కారం.

ఈ పని చేసే తీరు తెలుసుకోదగినది. మొదట చేయదలచిన బొమ్మను తెల్ల అట్టమీద గీతలుగా గీసుకుంటారు. వెలుగు ఎక్కడ, నీడ ఎక్కడ అని గుర్తులు పెట్టుకుంటారు. తరువాత కార్డులను ఆటగాళ్ళ పేర్లను బట్టి గాక రంగును బట్టి వేరుచేస్తారు. ఇందులో వరుసల పరిచయం అక్కరకు వస్తుంది. 1987 టాప్స్ కార్డుల అంచు కొయ్యపలక రంగు. 1990 డాన్‌రస్ అంచు ఎరుపు. 1991 ఫ్లీర్ అంచు పసుపు. మైదానపు పచ్చిక ఆకుపచ్చను, ఆకాశం నీలాన్ని, స్థావరాల మధ్య నేల ఎర్రమట్టి రంగును ఇస్తవి. ఆటగాళ్ళ ముఖాలు, చేతులు రకరకాల చామనచాయలను ఇస్తవి. వెనుకవైపు అంకెల వరుసలు దూరానికి బూడిదరంగు నీడగా కనబడతవి.

ముక్కలను ముందు జిగురు లేకుండా పేర్చి, దూరం నుండి చూసి, సరిపడిన తరువాతనే అతుకుతారు. వెనుకనున్న ఆకాశం మొదట, ముందున్న ముఖం తరువాత. నునుపు పూత ఉన్నవైపు జిగురు పట్టదు కనుక గరుకుగా ఉన్న వెనుకవైపే పూయాలి. ఆమ్లం లేని తెల్ల జిగురు మంచిది. మైదా జిగురుకు పురుగు పడుతుంది. గమ్ము టేపు కొన్నేళ్ళకు పసుపు మరక వదలుతుంది. పలుచగా పూసి, పైన శుభ్రమైన కాగితం పరచి, బరువు పెట్టి ఆరనివ్వాలి. కొయ్యగుజ్జుతో చేసిన చవక అట్ట ఎండకు త్వరగా రంగు మారి పెళుసెక్కుతుంది. అందువల్ల చిత్రానికి అద్దం కట్టించేటప్పుడు అద్దం అట్టకు తగలకుండా కొంచెం ఎడం ఉంచి, ఎండ తగలని గోడకు వేయాలి.

కత్తెర పట్టేముందు పాటించవలసిన నియమాలు కొన్ని ఉన్నవి. పెట్టెలోని కార్డులన్నిటినీ సంవత్సరం ప్రకారం పరచి, జాబితా వ్రాసుకోవాలి. 1980కి ముందటివాటిని తెలిసినవారికి చూపించకుండా ముట్టరాదు. ఒకే కార్డు రెండు మూడు ఉన్నప్పుడు అదనపువాటినే వాడాలి. అరుదైన బొమ్మ చిత్రంలో కావలసి వస్తే దాని నకలు తీసి వాడుకోవచ్చును. అన్నిటికంటె ముఖ్యంగా, దాచినవారు బ్రతికి ఉంటే వారిని అడగాలి. ఏ కార్డు ఎక్కడ దొరికినదో, దేనికోసం ఏమిచ్చి మార్చుకున్నారో అడిగి వ్రాసుకోవాలి. కార్డు వెనుక అచ్చయిన అంకెలు ఎక్కడైనా దొరుకుతవి. ఈ సంగతులు ఆ మనిషితోనే పోతవి. పెట్టెలోని సంపదలో పెద్ద భాగం ఇదే. దానిని భద్రపరచిన తరువాత కత్తెర పట్టినా దోషం లేదు.

పిల్లలకు సేకరణ చేసే మేలు చిన్నది కాదు. వస్తువులను పోల్చి చూడడం, తేడా కనిపెట్టడం, వరుస పెట్టడం, లెక్క వ్రాయడం, తనకున్నది ఇచ్చి లేనిది మర్యాదగా పుచ్చుకొనడం ఆటలో ఆటగా అలవడతవి. మన దేశంలోనూ బబుల్ గమ్ము పొట్లాలతో క్రికెట్ బొమ్మలు వచ్చిన రోజులున్నవి. అగ్గిపెట్టెల బొమ్మలను పుస్తకాలలో అతికి దాచుకున్న తరం ఇంకా మనమధ్య ఉన్నది. ఆ పుస్తకాలకు బజారులో వెల ఉండకపోవచ్చు. కాని శివకాశి ముద్రణ చరిత్ర వ్రాయబోయేవారికి అవి మంచి ఆధారాలు. పిల్లవాడు ఏదైనా కూడబెడుతున్నప్పుడు ఇది రేపు ఎంతకు అమ్ముడవుతుంది అని మనము అడిగితే, అతని చూపు బొమ్మమీద నుండి ధరమీదికి మళ్ళుతుంది. ఇందులో నీకు నచ్చినది ఏది, ఎందుకు నచ్చినది అని అడిగితే అతడు మరింత శ్రద్ధగా చూడడం నేర్చుకుంటాడు.

మీ ఇంటి అటకమీద కూడా ఇటువంటి పెట్టె ఏదో ఒకటి ఉండవచ్చును. సినిమా పాటల పుస్తకాలో, పెళ్ళి శుభలేఖలో, నాటకాల కరపత్రాలో, రేడియో కార్యక్రమ పత్రికలో ఏవైనా కావచ్చును. తీరిక దొరికిన రోజున దానిని క్రిందికి దించి, దుమ్ము దులిపి, ఇంటిలోని పెద్దవారిని, పిన్నవారిని కూర్చుండబెట్టుకొని సంవత్సరం ప్రకారం వరుసగా పేర్చి చూడండి. ఒక్కటి మాత్రమే ఉన్నవాటిని పొడిచోట భద్రపరచండి. పదేసి ఉన్నవాటిని పిల్లల చేతికిచ్చి, కత్తెర, జిగురు దగ్గర పెట్టండి. బర్డిక్ చూపిన క్రమం, కళాకారులు చూపిన నేర్పు, రెండింటికీ ఒక్క ఇంటిలోనే చోటు ఉన్నది.